పిరికితనమునకు జన్యువొక్కటియేనా?

ఒకే తల్లి బిడ్డలలో ఒకడు పరీక్షనాడు నిబ్బరముగా కూర్చుండును. రెండవవాని చేతులు వణకును. ఇట్టి భేదమునకు మూలము దొరికినదని శాస్త్రజ్ఞులొకప్పుడు సంబరపడిరి. మెదడులోని సెరోటోనిన్‌ను కణములు తిరిగి గ్రహించుటకు తోడ్పడు జన్యువొకటి కలదు. దానికి పొట్టి, పొడుగు రూపములు రెండు. న్యూజీలాండులోని డునెడిన్ నగరమున చిన్ననాటి నుండి పరిశీలింపబడుచున్న వారిలో 847 మందిని పరీక్షించి, కష్టములు వరుసగా మీదపడినపుడు పొట్టిరూపము గలవారే ఎక్కువగా క్రుంగిపోవుచున్నారని 2003లో కాస్పి, మొఫిట్ ప్రభృతులు ప్రకటించిరి. ముచ్చటైన కథ! కాని నిలువలేదు. 2019లో లక్షలాది మంది వివరములను జల్లెడపట్టగా ఆ జన్యువునకు ప్రత్యేక ప్రభావమేదియు కానరాలేదు. స్వభావభేదములలో ఇంచుమించు సగము వంశానుగతమనియే కవలల పరిశీలనలు చెప్పుచున్నవి. అయితే ఆ సగమును వేలకొలది జన్యుభేదములు రవ్వంత రవ్వంతగా పంచుకొనుచున్నవి. వణకుచున్న ఆ బాలుని రక్తమును పరీక్షించి, వీడు పిరికివాడని తేల్చి చెప్పగల వైద్యుడు నేటికిని లేడు.