స్నేహితుడి యాస

అమెరికా టెలివిజన్‌లో 1989 నుంచి నడుస్తున్న ‘ది సింప్సన్స్’ అనే బొమ్మల హాస్య ధారావాహికలో ఒక భారతీయ కిరాణా దుకాణదారు ఉన్నాడు. పేరు అపు. 1990లో తొలిసారి కనిపించిన ఈ పాత్రను చెడ్డవాడని ఎవరూ అనలేరు. కష్టజీవి, బాగా చదువుకున్నవాడు, ఊరివారందరితో కలిసిమెలిసి ఉండేవాడు. అయితే అతనికి గొంతునిచ్చింది హ్యాంక్ అజారియా అనే శ్వేతజాతి నటుడు. భారతీయులు ఇంగ్లీషును పలికే తీరును సాగదీసి, ఊపి, నవ్వు పుట్టించేలా ఆయన పలికాడు. దాదాపు 30 ఏళ్లు ఆ గొంతే వినిపించింది.

2017 నవంబరులో ఆ గొంతును ప్రశ్నిస్తూ ఒక డాక్యుమెంటరీ ప్రసారమయింది. దాని పేరు ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’. తీసినవాడు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగిన హరి కొండబోలు. మన తెలుగువాడని ఇంటిపేరే చెబుతుంది. ఆయన స్వయంగా హాస్యకారుడు, పైగా ‘ది సింప్సన్స్’ అభిమాని. నవ్వడం తెలియని మనిషి కోపంతో చేసిన ఫిర్యాదుగా దాన్ని కొట్టిపారేయడానికి వీలు లేకపోయింది. హసన్ మిన్హాజ్, ఆసిఫ్ మాండ్వీ వంటి ముస్లిం కళాకారులు సహా దక్షిణాసియా మూలాలున్న పలువురు నటులు అందులో తమ అనుభవాలు చెప్పారు. చిన్నప్పుడు బడిలో తమను ఆ గొంతుతో వెక్కిరించారన్నది వారి మాటల సారాంశం.

విమర్శకులు, ప్రేక్షకులు రెండుగా చీలిపోయారు. ఆ ధారావాహికలో అందరూ వెక్కిరింపు పాత్రలే కదా, ఒక్క అపు విషయంలోనే ఇంత రాద్ధాంతం దేనికని అభిమానులు అడిగారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. కాని అసలు సంగతిని అది దాటవేస్తుంది. తెల్లవారికి తెరపై వంద పాత్రలున్నాయి. అందులో ఒకడు మూర్ఖుడైతే మిగిలిన తొంభైతొమ్మిది మంది వారి పరువు నిలబెడతారు. ఆనాటి అమెరికా టెలివిజన్‌లో భారతీయుడికి ఉన్నది దాదాపు ఒక్క అపు. ఉన్న ఒక్క అద్దమూ వంకరగా ఉంటే పిల్లవాడు తన ముఖాన్ని ఎందులో చూసుకోవాలి?

2018 ఏప్రిల్‌లో ధారావాహిక తన జవాబును ఒక భాగంలోనే చెప్పింది. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయితే ఏం చేయగలమన్న ధోరణిలో ఆ విషయాన్ని తేల్చేసింది. ఆ జవాబు చాలామంది విమర్శకులను మరింత నొప్పించింది. చివరికి అజారియాయే మారాడు. 2020 జనవరిలో ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నాడు. 2021లో క్షమాపణ కూడా చెప్పాడు. ఆ సందర్భంగా ఆయన చెప్పిన ఒక సంగతి మాకు మరపురాదు. తన కుమారుడి బడిలో భారతీయ సంతతి పిల్లలతో మాట్లాడినప్పుడు ఒక 17 ఏళ్ల కుర్రవాడు తారసపడ్డాడట. అతను ఆ ధారావాహికను ఒక్కసారీ చూడలేదు. అయినా అపు అంటే ఏమిటో అతనికి తెలుసు. వెక్కిరింపు టీవీ పెట్టెలోంచి దిగి, టీవీ చూడని ఇంటి తలుపు కూడా తట్టిందన్నమాట.

అమెరికా గొడవ కంఠేశ్వర్‌లో ఉన్నవారికి ఎందుకని పాఠకులు అడగవచ్చు. నిజామాబాద్ వారికి ఇది కొత్త కథ కానే కాదు. తెలుగు సినిమాలో మన తెలంగాణ యాస ఎన్నేళ్లు ఎవరి నోట పలికిందో గుర్తు చేసుకోండి. రౌడీ నోట, ఇంటి పనివాడి నోట, నవ్వించే బక్క పాత్ర నోట. కథానాయకుడు మాత్రం కృష్ణా, గుంటూరు భాషలో ప్రేమించేవాడు, గెలిచేవాడు. అమెరికాలో అపుకు జరిగింది ఇక్కడ ఒక ప్రాంతానికే జరిగింది. హరి కొండబోలు డాక్యుమెంటరీ వచ్చిన 2017లోనే, దానికి నాలుగు నెలల ముందు, శేఖర్ కమ్ముల ‘ఫిదా’ విడుదలయింది. మన బాన్సువాడ అమ్మాయి భానుమతి అచ్చమైన తెలంగాణ మాటతో ఆ సినిమాను ముందుండి నడిపింది. నవ్వు ఆమె మీద కాదు, ఆమెతో పాటు. యాస మారలేదు, యాస ఉన్న చోటు మారింది. ప్రేక్షకులు తెలంగాణ, ఆంధ్ర అన్న తేడా లేకుండా ఆదరించారు.

అయితే తెలంగాణ యాసకు దక్కిన ఆ గౌరవం తెలంగాణ ముస్లిం మాటకు ఇంకా దక్కలేదు. తెలుగు హాస్యంలో సాయిబు పాత్ర రాగానే ‘నాకీ, నీకీ’ అని తెలుగును విరుస్తాడు. వచన, విభక్తులన్నీ తప్పుతాడు. ప్రతి రెండో మాటకు ‘అరే భాయ్’ అంటాడు. కథానాయకుడి స్నేహితుడే అయి ఉంటాడు, ప్రాణమిస్తాడు కూడా. కాని అతనికి ఇల్లు చూపించరు, తల్లిని చూపించరు, అతనికంటూ ఒక దిగులు ఉండదు. పండుగనాడు బిర్యానీ పంపడానికి, పోరాటంలో ముందుగా చావడానికి అతను కావాలి. దీనినే మత సామరస్యమని సమీక్షకులు మెచ్చుకుంటూ ఉంటారు. అటువంటి మెచ్చుకోలు మాకు తృప్తినివ్వదు.

మన జిల్లా పల్లెల్లో ముస్లిం రైతు, చిరువ్యాపారి మాట్లాడే తెలుగు పక్కింటివారి తెలుగే. పసుపు మార్కెట్లో కళ్లు మూసుకుని వింటే ఎవరు ఎవరో పోల్చుకోలేరు. ‘పరేషాన్’, ‘దవాఖాన’, ‘జల్ది’, ‘షురూ’ అనే మాటలు ఇక్కడ ఏ మతం వారి నోట వచ్చినా ఎవరికీ వింతగా తోచవు. మన దక్కనీలోని ‘నక్కో’ మరాఠీ ఇంటి నుంచి వచ్చిన చుట్టం. ఇంతగా కలిసిపోయిన మాటల నడుమ, తెర మీది ఆ విరిగిన తెలుగును చూసి పట్నపు బడిలో ఒక ముస్లిం పిల్లవాడు తెలుగులో లేచి జవాబు చెప్పడానికి వెనుకాడితే, అది చిన్న నష్టం కాదు. నోరు మూసుకున్న పిల్లవాడు తెలుగును వదిలేస్తాడు. తెలుగు కూడా అతనిని పోగొట్టుకుంటుంది. ఇస్లామీయ సాహిత్యాన్ని తెలుగులో చదవాలని, రాయాలని కోరే మా వంటి పత్రికకు ఈ బాధ మరీ దగ్గరిది.

అసలు ధారావాహికలే వద్దనే పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. వారి జాగ్రత్తను మేము తేలిక చేయం. కాని నేడు ఫోనులో అర నిమిషం ముక్కలుగా ఆ హాస్యం వద్దన్నా వచ్చి పడుతోంది. కనుక దానిని ఏ కొలతతో కొలవాలో పిల్లలకు చెప్పవలసిందే. దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 11వ ఆయతు ఒక వర్గం మరొక వర్గాన్ని ఎగతాళి చేయడాన్ని, చెడ్డపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. దైవప్రవక్త (స) హాస్యమాడేవారు, కాని ఆ హాస్యంలో అబద్ధం ఉండేది కాదని హదీసులు చెబుతున్నాయి. నవ్వుకు ఇస్లాం విరోధి కాదు.

హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. కోపంలో ఆయన ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి ఎద్దేవా చేశారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని, ఎత్తిపొడుపు ఆ తల్లి నల్లని రంగు గురించి అని పలు కథనాలు చెబుతాయి. ఇస్లాంను తొలినాళ్లలోనే స్వీకరించిన మహనీయుడితో దైవప్రవక్త (స) నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందన్నారు. తోటి స్నేహితుడేగా, మాట వరసకేగా అని సర్దిచెప్పలేదు. సేవకులు మీ సోదరులే, మీరు తొడిగేదే వారికీ తొడిగించండని కూడా బోధించారు. తరువాతి కాలంలో రబజాలో అబూజర్ (రజి)ను కలిసిన వ్యక్తి ఆయన ఒంటి మీద, ఆయన సేవకుడి ఒంటి మీద ఒకే రకమైన వస్త్రాలు చూసి ఆశ్చర్యపోయి కారణం అడిగాడు. జవాబుగా ఆయన చెప్పినదే ఈ వృత్తాంతం.

మన దేశపు తెర మీద మంచి ఉదాహరణలు లేవని కాదు. 1986-87లో దూరదర్శన్‌లో వచ్చిన ‘నుక్కడ్’ను చాలామంది పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. అందులో ఖాదర్ భాయ్ హోటల్ ఆ వీధి మలుపువారందరికీ కూడలి. సైకిల్ బాగుచేసేవాడు, ఎలక్ట్రీషియన్, బిచ్చగాడు, తాగుబోతు అందరూ అక్కడే చేరేవారు. ఖాదర్ భాయ్ మతానికి నమూనాగా నిలబడలేదు, హోటలు యజమానిగా బాకీల గురించి విసుక్కునేవాడు. తెలుగులో 2001లో జెమినీలో మొదలైన ‘అమృతం’ కూడా హోటలు పెట్టిన ఇద్దరు స్నేహితుల కథే. కుటుంబమంతా కూర్చుని చూడదగిన హాస్యం. కాని ఆ ముఖ్య పాత్రల్లో ముస్లిం ఒక్కరూ లేరు. ఇక 2006 నాటి ‘ది అంగ్రేజ్’ దక్కనీ మాటకు తెర మీద సింహాసనం వేసింది. మాట మనదే, నవ్వూ మనదే. అయితే చార్మినార్ దగ్గర ఛాయ్ తాగుతూ గొప్పలు చెప్పుకునే యువకులే పాతనగరమంతా అన్నట్టు మిగిలిపోవడం మాకు కొంత వెలితిగా తోచింది.

ఈ వెలితిని పూడ్చడానికి కెనడాలో ఒక ముస్లిం మహిళ కలం పట్టింది. ఆమె పేరు జర్కా నవాజ్. ఆమె సృష్టించిన ‘లిటిల్ మాస్క్ ఆన్ ది ప్రేరీ’ 2007 జనవరిలో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థలో మొదలయింది. తొలి భాగాన్నే 20 లక్షల మందికి పైగా చూశారు. ఒక చిన్న ఊరిలోని ముస్లింలు చర్చికి చెందిన హాలును అద్దెకు తీసుకుని మసీదుగా వాడుకుంటారు. యువ ఇమాముకు, ఆ చర్చి ఫాదరుకు మధ్య స్నేహం కుదురుతుంది. మసీదులో స్త్రీ, పురుషుల మధ్య తెర ఉండాలా వద్దా అన్న తగవు కూడా అందులో హాస్యమయింది. కొందరు సమీక్షకులు హాస్యం మరీ మెత్తగా ఉందన్నారు. ముస్లింలలోనూ ఇది మమ్మల్ని చూపలేదన్నవారున్నారు. మా దృష్టిలో ఆ రెండు విమర్శలూ ఆరోగ్యకరమైనవే. అందులో నాయకుడు, మొండివాడు, చాదస్తుడు, చదువుకున్న డాక్టరమ్మ అందరూ ముస్లింలే గనుక, ఏ ఒక్కరూ మొత్తం సమాజపు బరువు మోయవలసిన పని లేకపోయింది. ఆరు సీజన్ల తరువాత 2012లో అది ముగిసింది.

మన ప్రాంతంలో ఇటువంటి కథకు సరుకు లేదని ఎవరనగలరు? 2015 డిసెంబరులో మూతపడేదాకా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఎన్ని కుటుంబాలను ఒకే సైరన్‌తో నిద్ర లేపింది! మన జిల్లా బీడీ కార్ఖానాల్లో పద్మశాలి ఇల్లాలు, ముస్లిం ఇల్లాలు ఒకే వరుసలో తూకానికి నిలబడతారు. ఇక గల్ఫ్ గది ఉండనే ఉంది. ఆర్మూరు రైతు కొడుకు, బోధన్ ముస్లిం యువకుడు, ఒక మలయాళీ, ఒక నేపాలీ ఒకే గదిలో మంచాలు వేసుకుంటారు. వంట వంతు ఎవరిదన్న తగవు, రంజాన్‌లో సహరీకి మోగే అలారంతో అందరి నిద్రా పాడవడం, ఇంటికి ఫోను చేసినప్పుడు అందరూ చెప్పే అదే అబద్ధం, ‘నేను బాగానే ఉన్నా’. అక్కడ అరబ్బు యజమాని ముందు ఆర్మూరు వాడిది, బోధన్ వాడిది ఇద్దరిదీ ఒకే యాస. రాయగల యువతీయువకులు మన పాఠకుల ఇళ్లలోనే ఉన్నారు. తొలి భాగం రాసి పంపితే, తెలుగులోనైనా దక్కనీలోనైనా, ఈ పుటల్లో చోటు ఇస్తాము.