మీకు తెలుసా? అధ్యక్షుడి యుద్ధానికి 60 రోజుల గడువు

అమెరికా రాజ్యాంగం యుద్ధం ప్రకటించే అధికారాన్ని చట్టసభ అయిన కాంగ్రెస్‌కు, సర్వసైన్యాధిపత్యాన్ని అధ్యక్షుడికి అప్పగించినా, వియత్నాంలో ఏళ్ల తరబడి సాగిన పోరుకు అధికారిక యుద్ధ ప్రకటన ఏనాడూ వెలువడలేదు. ఆ చేదు అనుభవంతో 1973 నవంబరు 7న ఉభయ సభలూ అధ్యక్షుడు నిక్సన్ వీటోను, అంటే బిల్లును ఆయన తిరస్కరించడాన్ని, మూడింట రెండు వంతులకు పైగా ఓట్లతో తోసిపుచ్చి యుద్ధాధికారాల తీర్మానాన్ని చట్టం చేశాయి. దాని ప్రకారం సైన్యాన్ని పోరులోకి దించిన అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు లిఖితపూర్వకంగా నివేదించాలి. ఆమోదం లభించకపోతే 60 రోజుల్లో, బలగాలను సురక్షితంగా వెనక్కి రప్పించేందుకు తప్పనిసరైతే మరో 30 రోజుల్లో, పోరు విరమించాలి. ఇంత స్పష్టమైన గడువును కూడా దాటవేయడం విచారకరం: 2011లో లిబియాపై దాడులు 60 రోజులు మించినప్పుడు, అవి చట్టం ఉద్దేశించిన సాయుధ పోరు కిందకు రావని ఒబామా ప్రభుత్వం వాదించింది.