బొరేగో గండిలో వసంతం

కాలిఫోర్నియా దక్షిణ కొసన, శాన్ డియేగో నగరం నుంచి కారులో సుమారు రెండు గంటలు తూర్పుగా వెళ్తే అన్జా–బొరేగో ఎడారి స్టేట్ పార్క్ వస్తుంది. ఆరు లక్షల ఎకరాలకు పైబడి, ఆ రాష్ట్ర పార్కులన్నిటిలోకీ పెద్దదైన దీని పేరులోని మొదటి మాట 18వ శతాబ్దంలో ఈ దారిన వలస బృందాన్ని నడిపించిన స్పానిష్ సైనికాధికారి హువాన్ బౌతిస్తా దె అన్జాది కాగా, రెండవది స్పానిష్ భాషలో గొర్రెకున్న మాట. పసిఫిక్ సముద్రం మీది తేమగాలులు పడమటి కొండలను ఎక్కుతూ చల్లబడి అక్కడే కురిసి, ఇవతలి వాలుకు దిగేసరికి పొడిగాలులై మిగలడమే ఇక్కడి ఎడారికి కారణం. భూగోళ శాస్త్రం వర్షచ్ఛాయ అని పిలిచే ఈ స్థితి, రాయలసీమ కరువుకు చెప్పే కారణాలలోనూ ఒకటి.

ఈ పార్కులో కొద్దిపాటి శ్రమతో ఎక్కువ చూడదలచినవారికి తగినది బొరేగో పామ్ కాన్యన్. కొండను నీరు కోసుకుపోగా ఏర్పడిన ఇరుకు లోయను తెలుగులో గండి అంటారు. గండికోట పేరులో ఉన్నది ఆ మాటే. రానుపోను సుమారు 5 కిలోమీటర్లున్న ఇక్కడి కాలిబాట, వరదలు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్లు విసనకర్రలా పరుచుకున్న నేల మీద మొదలై, బండల నడుమ క్రమంగా ఎక్కి, ఒక తాళవనం దగ్గర ముగుస్తుంది. ఈ నడకకు అనువైన కాలం, తెలుగువారి లెక్కలో, ఇంచుమించు శివరాత్రికీ ఉగాదికీ నడుమ.

వానలు అనుకూలించిన ఏడు ఎడారి నేల తివాచీలా పూస్తుంది. ఇసుకలో పొంచి ఉన్న ఏకవార్షికాల, అంటే ఒక్క ఋతువులో మొలిచి పూచి విత్తి చనిపోయే మొక్కల, గింజలలో కొన్నిటి పైపొరలో మొలకను అడ్డుకునే రసాయనాలు ఉంటాయి. చిరుజల్లుకు అవి పోవు, నేల బాగా తడిసేంత వాన పడి కడిగివేస్తేనే గింజ మొలుస్తుంది. 2017లోనూ 2019లోనూ అటువంటి వానలే పడి, పక్కనున్న బొరేగో స్ప్రింగ్స్ ఊరు జనంతో కిక్కిరిసింది. అయితే ఆ తివాచీల కోసమే వచ్చి, అవి కనబడని ఏడు నిరాశతో తిరిగిపోయేవారు గండిలోని అసలు వింతను వదులుకుంటున్నారనే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి బహువార్షికాలు, అంటే ఏళ్ల తరబడి బతికే పొదలు, వాన తక్కువైన ఏడు కూడా ఎంతో కొంత పూస్తాయి.

వాటిలో ఒకోటియో అనే పొద నేల నుంచి చువ్వల కట్టలా నిటారుగా లేచి, చాలా కాలం ఎండిపోయినట్టే ఉంటుంది. వాన పడిన కొద్ది రోజులకే ముళ్ల సందున ఆకులు తొడిగి, తేమ తగ్గగానే రాల్చేసి, ఏడాదిలో పలుమార్లు ఇదే తంతు నడుపుతుంది. వసంతంలో దాని చువ్వల కొసన ఎర్రని పూలగుత్తులు వస్తాయి. పసుపు పూల బ్రిటిల్‌బుష్ ఆకుల మీది తెల్లని నూగు ఎండను వెనక్కి కొట్టి, ఆకు కాగిపోకుండా కాస్తుంది. ఎర్రని గొట్టపు పూల చుపరోసా మన అడ్డసరానికి దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతివి. ఆ పూల ముందు హమ్మింగ్ బర్డ్ రెక్కలను కంటికి ఆనని వేగంతో ఆడిస్తూ గాలిలోనే నిలిచి తేనె పీలుస్తుంది. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మను ఆనుకునే ఆ పని చేస్తుంది.

బండల మీద ఎండ కాచుకునే చక్‌వల్లా అనే లావుపాటి బల్లి ఆకులూ పూలూ తిని బతుకుతుంది. ఆపద వస్తే రాతి పగులులో దూరి, ఊపిరితిత్తులను గాలితో ఉబ్బించుకుని అక్కడే బిగుసుకుపోతుంది. ఉడుం పట్టు గోళ్లతో పట్టేది, దీనిది పొట్టతో పట్టే పట్టు. పార్కు పేరుకు కారణమైన బిగ్‌హార్న్ గొర్రె మాత్రం కదిలితే తప్ప కంటపడదు, దాని ఒంటి రంగు బండ రంగులో అంతగా కలిసిపోతుంది. రోగాలు, కొండ సింహాల దాడులు, మేత నేల కుంచించుకుపోవడం వంటి కారణాలతో ఈ కొండల్లో వాటి సంఖ్య పడిపోగా, 1998లో అమెరికా ప్రభుత్వం వాటిని అంతరించే ముప్పున్న జంతువుల జాబితాలో చేర్చింది. నీటి కోసం అవి దిగివచ్చే చోట్లలో ఈ గండి ఒకటి కావడం వల్ల, ఓపికగా నిలబడి కొండవాలును పరికించేవారికి మెలితిరిగిన కొమ్ములు కనబడే అవకాశం ఇక్కడ ఎక్కువ.

దారి పక్క బండల్లో అక్కడక్కడా రోలు వంటి గుంటలు ఉన్నాయి. ఈ నేల ఆదివాసులైన కవీయా ప్రజలు గింజలు, కాయలు దంచుకున్న చోట్లవి. తుదనున్న చెట్లు కాలిఫోర్నియాకు సొంతమైన ఏకైక తాళజాతివి; తాటాకులాగే విసనకర్ర ఆకారంలో ఉండే వీటి ఆకులు ఎండినా రాలక మాను చుట్టూ పావడాలా వేలాడతాయి. ఎడారి చెట్టుగా పేరుపడినా ఇది తీరని దాహం గల చెట్టు, వేళ్లకు ఎప్పుడూ తడి అందే ఊట పక్కన తప్ప బతకదు. ఆ నీరే ఒక్కొక్కప్పుడు దానికి మృత్యువు కూడా: 2004 సెప్టెంబరులో వచ్చిన ఆకస్మిక వరద పలు చెట్లను వేళ్లతో పెకలించి గండి దిగువకు ఈడ్చుకుపోయింది. ఇక ఈ చెట్లకు కాసే, ఖర్జూరపు రుచి ఉండే చిన్న నల్లని పండ్లను తినే కయోటీలు, అంటే అక్కడి నక్కజాతి జంతువులు, వాటి గింజలను పెంటికలతో పాటు వాగు పొడవునా తడి ఉన్నచోటా లేనిచోటా వదులుతూ పోతాయి.