ఏటీఎఫ్: గేర్‌బాక్స్‌లో పోసే విడిభాగం

కారులో పోసే నూనెలన్నిటికీ పని ఒక్కటే, ఇనుము ఇనుమును అరగదీయకుండా చూడటమే అని చాలామంది అనుకుంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) దగ్గర ఆ లెక్క సరిపోదు. టార్క్ కన్వర్టర్ ఉన్న కారు కదిలేటప్పుడు ఇంజన్ శక్తి ఈ ద్రవం గుండానే గేర్లకు చేరుతుంది. ఇంజన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం ద్రవాన్ని విసురుతుంది, ఆ విసురుకు ఎదుటి చక్రం తిరుగుతుంది. గేరు మారేటప్పుడు క్లచ్ ప్లేట్లను నొక్కే ఒత్తిడి ఈ ద్రవానిదే. పుట్టిన వేడిని కూలర్ దాకా మోసేదీ ఇదే. వీటన్నిటినీ మించిన వింత మరొకటుంది. పళ్లచక్రాల మధ్య జారుడు ఇవ్వాల్సిన ఈ ద్రవంలోనే క్లచ్ ప్లేట్లు మునిగి ఉంటాయి, అవి మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. ఎంత జారాలి, ఎక్కడ పట్టాలి అన్నది ప్లేటు మీది పూతా, ద్రవంలోని రసాయనాలూ కలిసి తేలుస్తాయి. అందుకే దీన్ని నూనెగా కాక, ఆ యంత్రంలో ఒక విడిభాగంగా చూడాలంటున్నాను. ఏది పోయాలి, ఎప్పుడు మార్చాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

దీనికి చరిత్రలోనే సాక్ష్యముంది. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ గేర్‌బాక్స్‌ను తెచ్చింది. 1949లో వాటికి తగిన ద్రవానికి టైప్ ఏ అనే ప్రమాణం పెట్టింది. 1960ల చివరికి అమెరికాలో రెండు దారులు ఏర్పడ్డాయి. జనరల్ మోటార్స్ వారి డెక్స్‌రాన్‌లో ఘర్షణను సవరించే రసాయనాలు ఉండేవి. వాటి అణువు ఒక కొసతో లోహాన్ని అంటుకుని, రెండో కొసను బయటికి చాచి పలచని పొర కడుతుంది. ప్లేట్ల మధ్య వేగం తేడా తగ్గి, అవి కలిసిపోయే చివరి క్షణంలో ఆ పొర వల్ల కుదుపు ఉండదు. ఫోర్డ్ వారి టైప్ ఎఫ్‌లో ఈ రసాయనాలు లేవు, ప్లేట్లు టక్కున పట్టేసేవి. రెండూ ఎర్రగానే ఉండేవి. టైప్ ఎఫ్ కోసం తయారైన గేర్‌బాక్స్‌లో డెక్స్‌రాన్ పోస్తే క్లచ్ జారి అరుగుతుంది, తారుమారు చేస్తే గేరు కుదుపుతో పడుతుంది. అప్పటి డెక్స్‌రాన్‌లో ఆ సవరణ పని చేసినది స్పెర్మ్ తిమింగలం నూనె. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చాక ఆ దారి మూతపడింది. గేరు మెత్తగా పడటానికి అంత పెద్ద జీవిని చంపాల్సిన అవసరం తప్పినందుకు సంతోషించాలి. కానీ బదులుగా వచ్చిన డెక్స్‌రాన్-2 తొలి రకం కూలర్‌లోని టంకం అతుకులను తినేసింది, తుప్పును ఆపే రసాయనాలు చేర్చి మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఒక్క పదార్థం మారితే యంత్రంలో మరో మూల దెబ్బ తగిలిందన్నమాట.

మన దగ్గర చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఆటోమేటిక్ కారు అని మనం పిలిచే వాటిలో వేర్వేరు యంత్రాలున్నాయి. 2014లో మారుతి సెలెరియోతో వ్యాపించిన ఏఎంటీ అసలు మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మనిషికి బదులు యంత్రం చేస్తుంది. అందులో పోసేది మాన్యువల్ గేర్ ఆయిల్. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు పట్టు మీదే అంతా నడుస్తుంది కాబట్టి, దానికి ఉక్కు మీద ఉక్కు జారనివ్వని ద్రవం కావాలి. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీ గీసుకుపోతుంది. రెండు క్లచ్‌లుండే డీసీటీల్లో కొన్నిటి క్లచ్ పొడిగా ఉంటుంది, కొన్నిటిది ద్రవంలో మునిగి ఉంటుంది. కాబట్టి డబ్బా మీది బ్రాండు కన్నా, కారు మాన్యువల్‌లో రాసిన కోడ్ ముఖ్యం: టయోటాకు డబ్ల్యూఎస్, హ్యుందాయ్‌కి ఎస్‌పీ-4, హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, ఇలా. రంగును నమ్మకూడదు, అది లీకును గుర్తుపట్టడానికి కలిపే అద్దకం మాత్రమే.

అన్ని కార్లకూ సరిపోతుందని అమ్మే ద్రవాలున్నాయి కదా అనవచ్చు. కంపెనీ డబ్బానే కొనాలని నేననడం లేదు. గేర్‌బాక్స్ తయారీదారు పరీక్షించి ఆమోదించిన ద్రవం ఏ కంపెనీదైనా వాడుకోవచ్చు. డెక్స్‌రాన్-3 కన్నా పలచనిదైన డెక్స్‌రాన్-6ను పాత గేర్‌బాక్సుల్లోనూ పోయవచ్చని జనరల్ మోటార్సే చెప్పింది. ఆ మాట చెప్పే హక్కు యంత్రం చేసినవారిది. ‘అనువైనది’ అని అమ్మేవారు డబ్బా మీద వేసుకున్న ముద్ర ఆమోదం కిందికి రాదు.

మార్చనవసరం లేదు, జీవితకాలం వస్తుంది అన్న మాట ఇంతకన్నా బలంగా నాటుకుంది. అది ఎవరి జీవితకాలమో అడగాలి. చాలా కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మన్ సంస్థ జడ్‌ఎఫ్, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు గానీ 8 ఏళ్లకు గానీ ద్రవం మార్చమంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే నూనె ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆగి ఆగి సాగే కారులో, శ్రీశైలం ఘాట్ ఎక్కే కారులో టార్క్ కన్వర్టర్ లోపల ద్రవం చిలకబడి కాగుతూనే ఉంటుంది. మాన్యువల్‌లో కఠిన వాడకం అనే శీర్షిక కింద రాసేది ఇలాంటి నడకనే. మన నగరాల్లో అదే రోజువారీ నడక.

పాత కారుకు ద్రవం మార్చితే గేర్‌బాక్స్ పోతుందన్న భయమూ ఉంది. దాన్ని కొట్టిపారేయలేం, అలా పోయిన గేర్‌బాక్సులు నిజంగానే ఉన్నాయి. అయితే చాలామంది మార్పించేది గేరు జారడం మొదలయ్యాకే. అప్పటికే ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి, నింద మాత్రం కొత్త ద్రవం మీద పడుతుంది. ఎన్నేళ్లుగానో మార్చని గేర్‌బాక్స్‌ను ఒత్తిడితో ఫ్లష్ చేయించడం కన్నా, కింది బోల్టు విప్పి దిగినంత దింపి, అంతే కొత్తది పోయించడం మేలు. అలా చేసినప్పుడు కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. ఒకసారికి 40 శాతం దిగుతుందనుకుంటే, రెండోసారికి కొత్త ద్రవం 64 శాతానికి, మూడోసారికి 78 శాతానికి చేరుతుంది. కొన్ని వందల కిలోమీటర్ల ఎడంతో ఇలా చేయించవచ్చు. దించిన పాత ద్రవం ప్రమాదకర వ్యర్థం, మురుగు కాలువలో పోయనివ్వకూడదు. ఇక మట్టం సంగతి. వేడెక్కితే ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి, మాన్యువల్ చెప్పిన వేడి దగ్గరే మట్టం చూడాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో స్కానర్ పెట్టి ఆ వేడిని కొలిచి, ఇంజన్ నడుస్తుండగానే ఓవర్‌ఫ్లో బోల్టు విప్పి సరిచూస్తారు. సర్వీస్ సెంటర్‌లో ఆ స్కానర్ లేకపోతే పని అక్కడ చేయించవద్దు.