రెండు బొమ్మల్ని కలిపే జాబితా

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కూరగాయల మళ్లకైనా, పూల తోటలకైనా చాలాచోట్ల బోరే ఆధారం. బోరు పక్కన స్టార్టర్ డబ్బా, అందులో ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే చిన్న బోర్డు అది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, నీళ్లు వృథాగా పోతాయని వీటిని తీసేయమంటూ అధికారులు ఊరూరా చెప్పాల్సి వచ్చింది. అంతగా వాడుకలో పడిన వస్తువు.

ఇలాంటి బోర్డు ఏదైనా తయారయ్యే ముందు రెండు బొమ్మలుగా పుడుతుంది. ఏ భాగం ఏ భాగంతో కలవాలో చెప్పేది స్కీమాటిక్. ఆ భాగం బోర్డు మీద ఎక్కడ కూర్చోవాలో, రాగి ట్రాక్ ఎటు, ఎంత వెడల్పుతో పోవాలో చెప్పేది లేఅవుట్. ఈ రెండింటి మధ్య ఎక్కడ తేడా వచ్చినా బోర్డు చెత్తబుట్ట పాలే.

1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ మొదలైన నాటికి లేఅవుట్ అంటే చాలాచోట్ల చేతిపనే. పారదర్శకమైన ఫిల్మ్ మీద అసలు సైజుకు రెండింతలో నాలుగింతలో పెద్దగా నల్లటి టేపు అంటించేవారు. దాన్ని ఫొటో తీసి కుదించేవారు. స్కీమాటిక్‌లోని ప్రతి గీతా ఫిల్మ్ మీదికి ఎక్కిందో లేదో మనిషే కూర్చుని సరిచూడాలి. వందల గీతల్లో ఒక్కటి కన్నుగప్పితే చాలు.

1985లో అమెరికాలోని ఆరెగాన్‌లో ఆర్‌క్యాడ్, ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో ప్రోటెల్ కంపెనీలు పుట్టాయి. మొదటిది పర్సనల్ కంప్యూటర్ మీద స్కీమాటిక్ గీయడానికి, రెండోది బోర్డు గీయడానికి పేరు తెచ్చుకున్నాయి. అలా విడివిడిగా పెరిగిన ప్రోగ్రాముల మధ్య రాయబారం నడిపింది నెట్‌లిస్ట్. అది ఉత్త జాబితా: ఆర్3 అనే రెసిస్టర్ రెండో కాలు, క్యూ1 అనే ట్రాన్సిస్టర్ రెండో కాలు ఒకే నెట్, అంటే రెండూ కలవాలి. లేఅవుట్ ప్రోగ్రామ్ దాన్ని చదివి, ఇంకా ట్రాక్ పడని కాళ్ల మధ్య సన్నటి గీతలు చూపిస్తుంది. ట్రాక్ వేసేకొద్దీ అవి మాయమవుతాయి. చిక్కల్లా ఒకటే: స్కీమాటిక్ మార్చిన ప్రతిసారీ జాబితాను మళ్లీ తీసి, మళ్లీ ఎక్కించాలి.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఝాన్-పియెర్ షరాస్ 1992లో మొదలుపెట్టిన బోర్డు డిజైన్ ప్రోగ్రామ్ కీక్యాడ్‌లోనూ చాలాకాలం ఇదే పద్ధతి. 2013 నుంచి యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ ప్రోగ్రామర్లు చేయి కలిపారు. 2018లో వచ్చిన ఐదో వెర్షన్‌తో స్కీమాటిక్‌లోంచి ఎఫ్8 నొక్కితే మార్పులు నేరుగా బోర్డుకు చేరడం మొదలైంది. ప్రతి భాగానికీ లోపల ఒక రహస్య గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి, ఆర్5 పేరు ఆర్7గా మారినా బోర్డు మీద అది కూర్చున్న చోటు చెదరదు. కీక్యాడ్ ఉచితం కావడంతో విద్యార్థులకు బాగా కలిసొచ్చింది. ఐఐటీ బొంబాయి వాళ్ల సర్క్యూట్ డిజైన్ ప్రోగ్రామ్ ఈసిమ్ కూడా దీన్ని వాడుకున్నదే. అజీజ్‌నగర్ విద్యాజ్యోతి, చిల్కూరు కె.జి.రెడ్డి వంటి ఇంజినీరింగ్ కాలేజీలున్న మొయినాబాద్ ప్రాంతంలో ప్రాజెక్టు చేసే కుర్రాడికి సాఫ్ట్‌వేర్ ఖర్చు లేనట్టే.

అయితే రెండు బొమ్మల మధ్య ఉన్న ఈ లింకు దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో తెలిసుండాలి. ఆటో స్టార్టర్ బోర్డులో మోటారును ఆన్ చేసే స్విచ్ అయిన రిలేను నడిపే ట్రాన్సిస్టర్‌నే తీసుకోండి. బీసీ547ను చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే 2ఎన్3904లో ఎమిటర్, బేస్, కలెక్టర్. స్కీమాటిక్‌లోని గుర్తును బోర్డు మీది ప్యాడ్లతో కలిపేది కాళ్ల నంబర్లు మాత్రమే. ఒకదాని నంబర్లతో గీసి, ఇంకోదాన్ని సోల్డర్ చేస్తే కంప్యూటర్ తప్పు పట్టదు. రెండు బొమ్మలూ ఒకే మాట చెబుతున్నాయిగా! రిలే మాత్రం మాట వినదు.

దూరం సంగతీ అంతే. 415 వోల్టుల ట్రాక్, పక్కనే 5 వోల్టుల ట్రాక్ వెళ్తున్నా నెట్‌లిస్ట్ పట్టించుకోదు. ఎంత ఎడం ఉండాలో డిజైనరే నియమంగా రాసిపెట్టాలి. రాస్తే కంప్యూటర్ అక్షరాలా కాపలా కాస్తుంది.

అందుకే అనుభవజ్ఞులు బోర్డు ఆర్డర్ చేసేముందు లేఅవుట్‌ను అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీస్తారు. కొన్న భాగాలను దాని మీద పెట్టి, డేటాషీట్ పక్కన ఉంచుకుని, ఒక్కో కాలూ సరిచూస్తారు. వందల గీతలు పోల్చే చాకిరీని జాబితా తీసుకుంది; ఈ చివరి పని మాత్రం మనిషికే మిగిలింది.