టేకు పురుగుకు మబ్బుల చాటు

జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ అనగానే పల్లెల్లో వారికి సినిమా తారలు, షూటింగులు గుర్తుకు వస్తాయి. ఆ గుట్టలకు ఉత్తరాన బాలానగర్‌లో మరో రకం బొమ్మల పని సాగుతున్నది. 1974లో ఏర్పడి, 2008లో ఇస్రోలో భాగమైన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అక్కడిదే. ఉపగ్రహాలు పంపే చిత్రాలను షాద్‌నగర్‌లో అందుకుంటారు. అడవి ఎక్కడ దట్టంగా ఉన్నదీ, ఎక్కడ పలచబడినదీ వాటిని బట్టి చెప్పవచ్చు.

విచిత్రమేమంటే, ఈ బొమ్మల్లో పచ్చని అడవి ఎర్రగా కనిపిస్తుంది! మన కంటికి ఆనని పరారుణ కాంతిని ఆరోగ్యమైన ఆకు బాగా వెనక్కి కొడుతుంది. ఆ కాంతికి ఎరుపు వేసి చూపుతారు. పురుగు ఆకు తిన్న చోట ఎరుపు వెలిసిపోతుంది.

మన దేశంలో ఈ విద్య మొదలైనదే చెట్ల జబ్బుతో. 1970లో ప్రొఫెసర్ పిషారటి బృందం కేరళలో హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముపై కొబ్బరి తోటలను ఫొటో తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించింది. ఆ తెగులును మోసేవి చిన్న పురుగులేనని తరువాత తేలింది.

మరి ఆదిలాబాద్ టేకు మాటేమిటి? ఆకు పోయినంత మాత్రాన టేకు చావదు, మళ్లీ చిగురిస్తుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. నష్టమంతా మానులో జరుగుతుంది. కేరళలోని నీలంబూరు లేత టేకు తోటల్లో ఆకుతినే పురుగు వల్ల, పెరగవలసిన కలపలో 44 శాతం పెరగకుండా పోయిందని అక్కడి అటవీ పరిశోధన సంస్థ 1985లో తేల్చింది.

చిక్కల్లా కాలంతోనే. పురుగు విజృంభించేది వానల్లో. అప్పుడు ఆకాశమంతా మబ్బు. మబ్బు విడిచేసరికి చెట్టు కొత్త చిగురు తొడుగుతుంది. పోనీ ఎండాకాలంలో చూద్దామంటే టేకు తనంతట తానే ఆకు రాలుస్తుంది. పాత ఏళ్ల చిత్రాలతో పోల్చి చూస్తే తప్ప ఏది పురుగు పనో తెలియదు.

పైగా మన ఉపగ్రహాల్లోని ఒక కెమెరాకు ఒక్కో చుక్క అంటే 23.5 మీటర్ల గడి, సుమారు ఐదున్నర గుంటలు. గట్టు మీద ఒంటి వేప ఎండినా అందులో ఆనదు.

అవి నేల మీద నడిచేవారి కంటికే ఆనుతాయి. పెద్ద ఈనెలు మాత్రమే మిగిలితే ఆకుతినే పురుగు, ఆకు జల్లెడలా మారితే ఈనెల మధ్య గీరి తినే మరో పురుగు. ఊరి పేరు, తేదీ చెప్పి బీట్ ఆఫీసరుకు తెలిపితే, మబ్బు లేని రోజు చిత్రంలో ఎక్కడ వెదకాలో తెలుస్తుంది.