శోధనయంత్రము - పరిశోధకుడు

ఒక పదప్రయోగమును గాని, ఒక గ్రంథవిషయమును గాని తెలియగోరు విద్యార్థి నేడు గ్రంథాలయమునకు పోకమునుపే గూగుల్ వంటి శోధనయంత్రము నాశ్రయించుచున్నాడు. ఆ యంత్రము ముందు చూపిన దానిని ప్రమాణముగను, చూపని దానిని లేనిదిగను తలచుట పరిపాటి యైనది. ఈ తలంపు ఎంతవరకు సాధువో తేల్చుటకు ఆ యంత్రము పనిచేయు రీతిని తెలియవలెను.

మనము ప్రశ్నించిన క్షణమున యంత్రము అంతర్జాలము నంతటిని చదువదు. అది ముందుగనే ఒక పుటనుండి మరియొక పుటకు గల లంకెలను పట్టుకొని సంచరించి, దొరికిన పుటలను సేకరించి, ఏ పదము ఏయే పుటలయందున్నదో తెలుపు పట్టికను కూర్చుకొనును. ఇది గ్రంథముల చివర నుండు పదానుక్రమణిక వంటిదే. వెదకులాట ఈ పట్టికయందే జరుగును.

దొరికిన వేలకొలది పుటలలో దేనిని ముందు చూపవలెను? దీనికి విద్వాంసులు చెప్పిన సమాధానములలో రెండు ముఖ్యములు. కొలది పత్రములందే కానవచ్చు పదమునకు ఎక్కువ విలువ నీయవలెనని కేంబ్రిడ్జి పండితురాలు కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించెను. 'మరియు' అను పదము కంటె 'గసడదవాదేశము' అను పదము పుటలోని విషయమును స్పష్టముగ తెలుపును గదా! రెండవది లంకెల లెక్క. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులైన సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో ప్రకటించిన వ్యాసమున పేజ్‌ర్యాంక్ అను గణనమును వివరించిరి. పెక్కు పుటలు పేర్కొన్న పుటకు విలువ హెచ్చు. విలువగల పుట పేర్కొన్నచో మరింత హెచ్చు. పండితులు ఒకరి రచనల నొకరు ఉదాహరించు పద్ధతి దీనికి ఆదర్శము. వ్యాపారప్రకటనలపై నడచు యంత్రము ప్రకటనకర్తల వైపు మొగ్గుననియు వారు ఆ వ్యాసముననే హెచ్చరించిరి. 2000లో వారి సంస్థయే ప్రకటనలను విక్రయింప నారంభించినది. నేడు ఈ లెక్కలో ఇంకను పెక్కు లక్షణములు చేరినవి. ఏమైనను, వరుసలో ముందుండుట గణనఫలమే గాని ప్రామాణ్యనిర్ణయము గాదు.

తెలుగు విషయమున చిక్కు మరింత పెరుగును. 'ఇల్లు', 'ఇంటికి', 'ఇండ్లు' మనకు ఒకే శబ్దముయొక్క రూపములు. అక్షరములను మాత్రమే పోల్చు పట్టికకు మూడు పదములు. దానికి 'వాడు' వేరు, 'వాఁడు' వేరు. 'కొట్టె' అని వెదకిన వానికి 'వాఁడుగొట్టె' అను ప్రయోగము చిక్కదు. ఈ వ్యాకరణమును యంత్రమునకు ప్రత్యేకముగ నేర్పవలసియున్నది. ఛాయాచిత్రములుగ భద్రపరచిన ప్రాచీన ముద్రణములలోని అక్షరములను యంత్రము గుర్తింపనిచో, ఆ గ్రంథములలోని పదము లేవియు పట్టిక కెక్కవు.

కావున 'యంత్రమున దొరకలేదు. అందుచేత ఈ ప్రయోగము పూర్వవాఙ్మయమున లేదు' అను నిర్ణయము సిద్ధాంతవ్యాసమున చెల్లదు. పరిశోధకుడు పదమును దాని విభక్తిరూపములతోను, సంధిరూపములతోను వెదకవలెను. వెదకిన రూపమును, తేదీని వ్రాసికొనవలెను. పిదప నిఘంటువులతోను, ముద్రితగ్రంథముల పదసూచికలతోను సరిచూడవలెను. దొరికిన ప్రయోగమును సైతము మూలగ్రంథమున స్వయముగ చూచిన పిమ్మటనే ఉదాహరింపవలెను.